కుండపెంకుల్లో కాలం: లండన్ పెట్రీ మ్యూజియంలో ఏం చూడాలి, ఎలా చూడాలి

లండన్ వెళ్లిన మనవాళ్లలో బ్రిటిష్ మ్యూజియం గడప తొక్కకుండా వచ్చేవాళ్లు అరుదు. రొజెట్టా శిల ముందు ఒక ఫోటో, మమ్మీల గదిలో కాసేపు జనంతో తోపులాట, అంతటితో ఈజిప్టు ముచ్చట తీరిపోతుంది. అక్కడి నుంచి పావుగంట నడిస్తే యూనివర్సిటీ కాలేజ్ లండన్ ఆవరణలో, మాలెట్ ప్లేస్ అనే చిన్న దారిలో మరో ఈజిప్టు మ్యూజియం ఉంది. పేరు పెట్రీ మ్యూజియం. పూర్తి పేరులో ఈజిప్టుతో పాటు సూడాన్ కూడా ఉంటుంది. 80,000కు పైగా వస్తువులు, ప్రవేశం ఉచితం. ఒకప్పుడు ఒక పెద్ద దుకాణం వాళ్లు తమ గుర్రాలను కట్టేసుకున్న కట్టడంలో, 1950లలో తాత్కాలికంగా అని సర్దిన సేకరణ ఇది. ఆ తాత్కాలికం ఇప్పటికీ అలాగే కొనసాగుతోంది.

లోపలికి వెళ్లగానే చాలామందికి నిరాశే ఎదురవుతుంది. మసక వెలుతురు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడిన పాతకాలపు అద్దాల బీరువాలు, వాటిలో వరుసల కొద్దీ కుండలు, పూసలు, తూకపు రాళ్లు, కాటుక నూరిన పలకలు, రాతి గిన్నెలు, తాయెత్తులు. రంగులూ బట్టలూ వెలిసిపోకుండా దీపాలు తగ్గిస్తారు. అందుకే వచ్చినవాళ్ల చేతికి టార్చిలైట్లు ఇచ్చే అలవాటు కూడా ఇక్కడ ఉండేది. గుడిలాంటి ద్వారాలు లేవు, ఆకాశమంత విగ్రహాలు లేవు. కోప్టోస్ గుడి నుంచి వచ్చిన రాతి సింహం ఒకటి ఉంది కానీ, అదీ ముక్కలు అతికించినదే.

విశ్వవిద్యాలయం వాళ్లు పగిలిన సరుకును ఇంత భద్రంగా ఎందుకు దాచుకున్నారన్నది ఇక్కడ సహజంగా పుట్టే సందేహం. ప్రాచీన ఈజిప్టు గురించి మనకు తెలిసిన కాలక్రమంలో పెద్ద భాగం ఈ సరుకు మీదే నిలబడి ఉందన్నది దానికి జవాబు. అది అర్థం కావాలంటే ముందు దీన్ని పోగు చేసిన మనిషి ఎవరో తెలియాలి.

బడికి వెళ్లని ప్రొఫెసరు

అమీలియా ఎడ్వర్డ్స్ అనే ఇంగ్లిషు నవలా రచయిత్రి 1873-74 చలికాలంలో నైలు నది మీద పడవ ప్రయాణం చేసింది. గుడులూ సమాధులూ దోపిడీకి గురవుతున్న తీరు ఆమెను కదిలించింది. తిరిగి వచ్చాక మిగతా జీవితమంతా ఆ పనికే ఇచ్చేసి, 1882లో తవ్వకాలకు నిధులు సేకరించే ఈజిప్టు ఎక్స్‌ప్లొరేషన్ ఫండ్ స్థాపనకు ముందు నిలబడింది. 1892లో చనిపోతూ తన పుస్తకాలు, పురావస్తువులు, ఒక ప్రొఫెసరు పదవికి కావలసిన డబ్బు యూనివర్సిటీ కాలేజీకి రాసిచ్చింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలను కాదని దీన్ని ఎంచుకోవడానికి బలమైన కారణం ఉంది. ఇక్కడ 1878 నుంచే ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా డిగ్రీలు ఇస్తున్నారు. వీలునామాలో మరో రెండు షరతులు పెట్టింది. ప్రొఫెసరు వయసు నలభై దాటకూడదు, బ్రిటిష్ మ్యూజియం ఉద్యోగి అయి ఉండకూడదు. పేరు రాయలేదు కానీ, ఆ కొలతలకు సరిపోయే మనిషి ఒక్కడే ఉన్నాడు.

విలియం మాథ్యూ ఫ్లిండర్స్ పెట్రీ, పుట్టింది 1853లో. చిన్నప్పుడు ఆరోగ్యం బాగోక బడి చదువు సాగలేదు. తండ్రితో కలిసి స్టోన్‌హెంజ్ వంటి పాత కట్టడాలను కొలుస్తూ పెరిగాడు. 1880 చివర్లో గిజా వెళ్లి, ఒక పాత సమాధిలో కాపురం పెట్టి, పెద్ద పిరమిడ్‌ను అంగుళం అంగుళం కొలిచాడు. పర్యాటకులు పలకరించి విసిగించకుండా గులాబీ రంగు లోదుస్తులతో తిరిగేవాడని చెప్పుకుంటారు. ఆ రోజుల్లో పిరమిడ్ కొలతల్లో దైవ రహస్యం దాగి ఉందనే సిద్ధాంతం ఒకటి చెలామణిలో ఉండేది. పెట్రీ తండ్రికి కూడా దాని మీద గట్టి నమ్మకం. కొడుకు తెచ్చిన కొలతలతో ఆ సిద్ధాంతం కుప్పకూలింది. తండ్రి నమ్మకం కోసం టేపు పట్టుకుని వెళ్లి, టేపు చెప్పిందే రాసుకొచ్చిన ఆ మొండితనమే ఆయన మిగతా పనంతటికీ పునాది.

అప్పటి తవ్వకందార్ల చూపు విగ్రహాల మీద, రాతలున్న రాళ్ల మీద ఉండేది. పెంకులు, మేకులు, చెప్పుల ముక్కలు మట్టితో పాటు గుట్టల్లోకి పోయేవి. పెట్రీ వాటిని ఏరాడు. కూలీలకు రోజుకూలి ఇస్తూనే, ఎవరికి ఏ వస్తువు దొరికినా దానికి బజారు ధర ఎంత పలుకుతుందో అంతా బక్షీసుగా ఇచ్చేవాడు. దాంతో వేలి గోరంత పూస కూడా వ్యాపారి సంచిలోకి పోకుండా తవ్విన మనిషి చేతి నుంచి నేరుగా నమోదు పుస్తకంలోకి వచ్చేది. 1903లో అబైడోస్‌లో ఖుఫూ రాజుదైన దంతపు బొమ్మ తల లేకుండా దొరికింది. విరిగిన చోట గాటు కొత్తగా ఉందని గమనించి, తీసిపోసిన మట్టినంతా మూడు వారాలు జల్లెడ పట్టించి తలను వెతికించాడు. బొమ్మ మొత్తం వేలెడు పొడవుంటుంది. పెద్ద పిరమిడ్ కట్టించిన రాజుకు పూర్తి రూపంలో, పేరుతో సహా మిగిలిన బొమ్మ అదే. అది ఇప్పుడు కైరోలో ఉంది.

అమర్నాలో మరో ముచ్చట. 1891-92లో అఖెనాతెన్ రాజభవనంలో రంగురంగుల చిత్రాలున్న నేల బయటపడింది. ఆ రంగు ఊడిపోకుండా పెట్రీ దాని మీద సగ్గుబియ్యం గంజి పలచగా పూశాడు. కుంచె తగిలితే రంగు లేచిపోతుందని వేలి పక్క భాగంతో, నేలంతా తానే పూశాడు. నేల నిలిచింది. ఇరవై ఏళ్ల తర్వాత, చూడటానికి వచ్చే జనం తన పొలం తొక్కేస్తున్నారని ఒక రైతు దాన్ని గొడ్డలితో నరికి పారేశాడు. ఇందులో తప్పెవరిదని అడిగితే నేను ఆ రైతును ఒక్కణ్నే వేలెత్తి చూపను. జనాన్ని రప్పించి దారి వేయనివాళ్లు కూడా ఉన్నారు కదా.

1913లో పెట్రీ తన సేకరణను 3,500 పౌండ్లకు కాలేజీకి అమ్మాడు. రెండేళ్ల తర్వాత దాన్ని విద్యార్థుల కోసం తెరిచారు. ఇది మొదటి నుంచీ పాఠం చెప్పడానికి పెట్టుకున్న సరుకు. బీరువాల వరుస కూడా అందుకే రాజుల వారీగా కాకుండా వస్తువుల రకాల వారీగా సాగుతుంది.

తేదీ లేని సమాధులకు వరుస

ఇప్పుడు అసలు చిక్కుముడి విప్పుదాం. 1894-95లో నకాదా అనే చోట పెట్రీ బృందం రెండు వేలకు పైగా సమాధులు తవ్వింది. లోతు తక్కువ గుంటలు, వాటిలో పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకున్న అస్థిపంజరాలు, చుట్టూ కుండలు. ఎక్కడా రాత లేదు, రాజు పేరు లేదు. ఊళ్లున్న దిబ్బల్లో అయితే కింది పొర పాతది, పై పొర కొత్తది అని చెప్పవచ్చు. శ్మశానంలో ఆ వీలు లేదు, ప్రతి గుంటా విడిగానే ఉంటుంది. రెండు వేల గుంటల్లో ఏది ముందు, ఏది వెనుక?

ఇంట్లో పాత పెట్టెలో తేదీలు లేని పెళ్లి ఫోటోలు గుట్టగా దొరికాయనుకోండి. జాకెట్టు చేతులు, జడల తీరు, పెళ్లికొడుకు ప్యాంటు అడుగు వెడల్పు చూసి మీరు వాటిని ఓ వరుసలో పెట్టగలరు. ఒక ఫ్యాషన్ ఉన్నట్టుండి పుట్టి ఉన్నట్టుండి పోదు. కొద్దిగా మొదలై, ఊపందుకుని, సన్నగిల్లుతుంది. ఒకే ఫోటోలో రెండు ఫ్యాషన్లు కనిపిస్తే అవి రెండూ ఒకే కాలంలో ఉన్నాయని తెలుస్తుంది. పెట్రీ చేసిందీ ఇదే, కుండలతో.

ఆయన కుండలను తొమ్మిది తరగతులు చేశాడు. పై అంచు నల్లగా, ఒళ్లు ఎర్రగా నిగనిగలాడేవి ఒక రకం. ఎర్రటి ఒంటి మీద తెల్లటి గీతలున్నవి ఒకటి, లేత రంగు మీద పడవలూ పక్షులూ గీసినవి ఇంకొకటి. కీలకం మాత్రం అలల పిడి కుండలు. వీటి ముందు తప్పకుండా ఆగాలి. వరుసలో తొలి కుండకు పెద్ద పొట్ట, రెండు పక్కలా చేత్తో పట్టుకోవడానికి ముందుకు పొడుచుకొచ్చిన, అలల్లా వంకర్లు తిరిగిన పిడులు ఉంటాయి. తర్వాతివాటిలో పొట్ట తగ్గుతుంది, పిడి ఒంటికి అంటుకుపోతుంది. ఇంకా తర్వాత పిడి వేలికి దొరకని గట్టులా మిగులుతుంది. చివరికి కుండ నిలువు గొట్టంలా మారిపోయి, పిడి ఉండాల్సిన చోట ఒక అలల గీత మాత్రం ఉంటుంది. ఆ గీత దేన్ని గుర్తు చేస్తోందో చివరి కుమ్మరికి తెలిసి ఉండకపోవచ్చు. లోపలి సరుకు కూడా అలాగే దిగజారుతూ వచ్చిందని పెట్రీ గమనించాడు. తొలి కుండల్లో సువాసన కొవ్వు, తర్వాత మట్టి నింపి పైపైన కొవ్వు, ఆఖర్లో వట్టి మట్టి. చనిపోయినవాళ్లు ఫిర్యాదు చేయరుగా!

దీన్ని వెన్నెముకగా పెట్టుకుని పెట్రీ 900 సమాధులను ఎంచుకున్నాడు. ఒక్కో సమాధికి ఒక్కో అట్ట చీటీ. చీటీ మీద గళ్లు, ఏ గడిలో ఏ రకం కుండ ఉందో గుర్తు. ఇక ఆ చీటీలను ముందుకూ వెనక్కూ మారుస్తూ, ఒక్కో రకం కుండ వరుసలో వీలైనంత దగ్గరదగ్గరగా చేరేలా సర్దుతూ పోయాడు. పని తేలికేమీ కాదు. పది చీటీలనే 36 లక్షలకు పైగా రకాలుగా పేర్చవచ్చు, ఇక 900 చీటీల లెక్క ఊహకే అందదు. కంప్యూటర్ లేని కాలంలో బల్ల మీద అట్టముక్కలతో ఆయన పరిష్కరించిన ఈ సమస్యను 1960లలో కేంబ్రిడ్జి గణిత శాస్త్రవేత్త డేవిడ్ కెండాల్ వంటివారు మళ్లీ చేతికెత్తుకుని, దాని లోతు చూసి ఆశ్చర్యపోయారు.

సర్దడం అయ్యాక వరుసను ముక్కలుగా కోసి 30 నుంచి 80 వరకు అంకెలు ఇచ్చాడు. ఇవి సంవత్సరాలు కావు. 40వ అంకె సమాధి 50వ దానికంటే పాతదని మాత్రమే ఇవి చెబుతాయి, ఎన్నేళ్లు పాతదో చెప్పవు. 30తో మొదలుపెట్టడంలో ఒక ముందుచూపు ఉంది. ఇంకా పాతవి ఎప్పుడైనా దొరికితే వాటికి చోటు ఉండాలని 1 నుంచి 29 వరకు ఖాళీగా వదిలాడు. 1920లలో బదారి దగ్గర ఇంకా పాత సంస్కృతి బయటపడినప్పుడు అది వచ్చి ఆ ఖాళీలోనే కూర్చుంది. మరి వరుసలో ఏ కొస ముందుది, ఏ కొస వెనుకది? అది కుండలు చెప్పలేవు. పిడి అరిగిపోతూ గీతగా మారిందా, గీత పెరుగుతూ పిడి అయిందా? గొట్టంలాంటి కుండలు తొలి రాజవంశపు సమాధుల్లో కూడా దొరకడంతో ఆ కొస చరిత్రకు ముడిపడి, రెండో కొస దానికి ముందు కాలంలోకి వెళ్లింది.

ఈ పద్ధతిని 1899లో ప్రకటించాడు. లోపాలు లేవని కాదు. ఒక ఊరి మోజు ఇంకో ఊరికి ఆలస్యంగా చేరవచ్చు, రకాల విభజనలోనే తవ్వకందారు ఇష్టాయిష్టాలు దూరవచ్చు. 1957లో జర్మన్ పండితుడు వెర్నర్ కైజర్, సమాధులు శ్మశానంలో ఏ పక్క నుంచి ఏ పక్కకు విస్తరించాయో కూడా లెక్కలోకి తీసుకుని దీన్ని సవరించాడు. ఇప్పుడు చెప్పుకునే నకాదా ఒకటి, రెండు, మూడు దశలు అలా వచ్చినవే. తర్వాత రేడియోకార్బన్ పరీక్షలు, అంటే పాత వస్తువుల్లో మిగిలిన ఒక రకం కార్బన్‌ను బట్టి వయసు లెక్కగట్టేవి, వాటికి సంవత్సరాలు జోడించాయి. అంకెలు మారాయి కానీ, పెట్రీ వరుసలోని మూల క్రమం చెక్కుచెదరలేదు.

నల్లంచు ఎర్ర కుండల దగ్గర ఒక పక్కమాట. తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాల పెద్దరాతి సమాధుల్లో దొరికే నలుపు-ఎరుపు కుండలు చూసినవాళ్లకు ఇవి ఎక్కడో చూసినట్టే అనిపిస్తాయి. కాల్చేటప్పుడు గాలి తగిలిన భాగం ఎర్రబడి, గాలి అందని భాగం నల్లబడటం రెండు చోట్లా ఉన్న కిటుకు. ఆ పోలిక పట్టుకుని చుట్టరికం కలపడానికి ఉత్సాహపడేవాళ్లు ఉంటారు. రెండింటి మధ్య కనీసం రెండు వేల ఏళ్ల ఎడం ఉంది. మంటకు, మట్టికి ఎక్కడైనా ఒకే స్వభావం.

మాసిన మూటలో చొక్కా

పెట్రీ సేకరణలో అందరూ వెతుక్కుంటూ వెళ్లే వస్తువు ఒక నార చొక్కా. కైరోకు దక్షిణాన 50 కిలోమీటర్ల దూరంలోని తార్ఖాన్‌లో, ప్రాచీన కాలంలోనే దొంగలు దోచేసిన ఒక సమాధిలో మాసిన గుడ్డల కుప్ప మిగిలింది. 1913లో దాన్ని మూటగట్టి లండన్ పంపారు. మూట విప్పకుండానే దశాబ్దాలు గడిచాయి. 1977లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం బట్టల నిపుణులు శుభ్రం చేయడానికి విప్పితే అందులో ఈ చొక్కా కనిపించింది. 2015లో ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన రేడియోకార్బన్ పరీక్షలో ఇది క్రీ.పూ. 3482-3102 మధ్యదని 95 శాతం నమ్మకంతో తేలింది. అంటే ఐదు వేల ఏళ్లు దాటిన బట్ట. కత్తిరించి కుట్టిన, నేసిన దుస్తుల్లో ఇంతకంటే పాతది ప్రపంచంలో ఇప్పటివరకు ఎక్కడా దొరకలేదు.

దగ్గరగా చూడండి. మెడ ఇంగ్లిషు వి అక్షరంలా కోసుగా ఉంది. భుజాల మీదా చేతుల మీదా సన్నటి కుచ్చులు బిగువుగా పెట్టారు. అవిసె నారతో నేసిన బట్టలో లేత బూడిద రంగు చార కనిపిస్తుంది. అడుగు భాగం పోయింది కాబట్టి మోకాళ్ల దాకా ఉండేదో, పాదాల దాకా ఉండేదో చెప్పలేం. మోచేతుల దగ్గర, చంకల దగ్గర ముడతలు అలాగే ఉన్నాయి. పైగా దొరికినప్పుడు అది తిరగేసి ఉంది, తల మీదుగా లాగి విప్పితే ఎలా తిరగబడుతుందో అలా. సమాధి కోసం కుట్టించిన కొత్త బట్ట అయితే ఇలా ఉండదు. ఎవరో సన్నపాటి మనిషి, బహుశా చిన్న వయసు అమ్మాయి, తొడుక్కుని తిరిగిన చొక్కా ఇది.

ఈజిప్టులోని గెర్జే అనే చోట దొరికిన ఇనుప పూసలు కూడా ఇలాంటివే. 1911లో క్రీ.పూ. 3200 ప్రాంతపు సమాధుల్లో తుప్పుపట్టిన తొమ్మిది పూసలు దొరికాయి. వాటిలో మూడు ఇక్కడున్నాయి. కంటికి తుప్పు పుల్లల్లా కనిపిస్తాయి, టార్చి వేసినా అంతే. ఖనిజం కరిగించి ఇనుము తీయడం ఈజిప్టులో మామూలు కావడానికి ఇంకా రెండు వేల ఏళ్లకు పైగా పడుతుంది. మరి ఈ ఇనుము ఎక్కడిది? 2013లో న్యూట్రాన్, గామా కిరణాలతో పరీక్షించి నికెల్, కోబాల్ట్, జెర్మేనియం పాళ్లు చూశాక అది ఉల్క ఇనుమని ఖాయమైంది. ఉల్క ముక్కను కొట్టి కొట్టి పలచటి రేకు చేసి, ఆ రేకును గొట్టంలా చుట్టి పూస చేశారు. పెళుసు లోహాన్ని పగలకుండా సాగగొట్టడం తెలిసిన కమ్మరి పని అది. ఈ పూసలను బంగారంతో, అఫ్గానిస్థాన్ కొండల నుంచి వచ్చిన నీలిరంగు లాపిస్ లాజులి రాయితో కలిపి గుచ్చుకున్నారు. ఆకాశం నుంచి పడిన లోహానికి వాళ్లు ఇచ్చిన విలువ ఆ దండలోని పొరుగు పూసలను బట్టే మనకు తెలుస్తోంది.

కాహున్ ఊరి సరుకు ముందు మాత్రం నాకు కాళ్లు కదలవు. రెండో సెనుస్రెత్ పిరమిడ్ పని కోసం క్రీ.పూ. 1900 తర్వాత వెలసిన ఊరది. 1889-90లో పెట్రీ తవ్వినప్పుడు దాదాపు ప్రతి ఇంట్లో ఎలుక కన్నాలు, వాటిని రాళ్లూ చెత్తా కుక్కి మూసిన ఆనవాళ్లు కనిపించాయి. దానికి తగ్గట్టే మట్టితో చేసిన ఎలుకబోను కూడా సేకరణలో ఉంది. ఆ ఊరి పాపిరస్ చుట్టల్లో ఒకటి క్రీ.పూ. 1800 ప్రాంతపు స్త్రీల వైద్య గ్రంథం. అందులో 34 ప్రకరణాలున్నాయి, గర్భం రాకుండా మొసలి పేడ వాడే చిట్కాతో సహా. పిరమిడ్ చూసి రాజును తలచుకుంటాం. దాని పక్కన ఎలుకలతో, నొప్పులతో, అప్పు పత్రాలతో వేగిన జనం ఇదిగో ఇక్కడ ఉన్నారు.

హైదరాబాద్ మమ్మీకి లేనిదేమిటి

ఈ మ్యూజియం విలువ తూచడానికి హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని తెలంగాణ రాష్ట్ర పురావస్తు మ్యూజియం మంచి కొలబద్ద. అక్కడ ఈజిప్టు మమ్మీ ఒకటి ఉందని మనలో చాలామంది చిన్నప్పుడు బడి విహారయాత్రలో చూసే ఉంటారు. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ వెయ్యి పౌండ్లకు కొని తెచ్చాడని, ఏడో నిజాం దాన్ని మ్యూజియంకు ఇచ్చాడని చెబుతారు. పేరు నైషూ, ఆరో ఫారో, అంటే ఆరో ఈజిప్టు రాజు, కూతురు అన్నది ప్రచారంలో ఉన్న పరిచయం. వయసు మాత్రం 2,300 నుంచి 2,500 ఏళ్లని అంటారు. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి పొసగవు. ఆరో ఫారో అంటే తొలి రాజవంశపు మనిషి, ఐదు వేల ఏళ్ల నాటివాడు. పోనీ ఆరో రాజవంశం అనుకున్నా నాలుగు వేల ఏళ్లు దాటుతుంది.

ఈ ముడి విప్పడం ఎందుకు కష్టమంటే, ఆ మమ్మీ బజారులో కొన్నది. ఏ ఊరి శ్మశానంలో, ఏ సమాధిలో, పక్కన ఏ కుండలతో ఉందో రాసిపెట్టినవాళ్లు లేరు. స్కాన్ తీస్తే ఎముకలు వయసు చెబుతాయి, రోగం చెబుతాయి, ఊరు చెప్పవు. ఇప్పుడు పెట్రీ మ్యూజియంలో ఏదో ఒక మామూలు కుండ ఒంటిని టార్చి వేసి చూడండి. చాలావాటి మీద నల్ల సిరాతో చిన్న అంకె రాసి ఉంటుంది. అది సమాధి సంఖ్య. తవ్వకం చోటే సిరాతో వేసిన ఆ అంకె వల్ల ఈ కుండ ఫలానా సమాధిలో, ఫలానా పూసల పక్కన, ఫలానా చొక్కా పైన ఉందని నూరేళ్ల తర్వాతా తెలుస్తుంది. నన్నడిగితే ఆ కుండకంటే ఆ అంకె విలువే ఎక్కువ. అది చెరిగిపోతే కుండ అందమైన కుండగా మాత్రమే మిగులుతుంది. పురాతన వస్తువుల బజారు మీద పండితులకు ఇంత కోపం ఎందుకో కూడా ఇక్కడే అర్థమవుతుంది. దొంగ తవ్వకం వస్తువును ధ్వంసం చేయకపోవచ్చు, ఆ అంకెను ఎప్పటికీ పుట్టకుండా చేస్తుంది.

బీరువా మీద లేని పేర్లు

మ్యూజియంకు ఒక మనిషి పేరు ఉన్నా, తవ్విన చేతులు వేరు. 1893-94లో కోప్టోస్ దగ్గర, అంటే ఇప్పటి కుఫ్త్ ఊళ్లో, పెట్రీ కొందరికి తవ్వకం పని నేర్పాడు. మట్టి రంగు తేడా చూసి మట్టి ఇటుక గోడ అంచు పట్టుకోవడం తరతరాలుగా ఆ ఊరివాళ్ల వృత్తి అయింది. ఈజిప్టులో నిపుణుడైన తవ్వకం మేస్త్రీని కుఫ్తీ అని పిలవడం అలా వచ్చిందే. పెట్రీ ఎక్కువగా నమ్మిన మనిషి లాహున్‌కు చెందిన అలీ సుయేఫీ. ఎన్నో శ్మశానాల జాడ కనిపెట్టింది ఆయన కళ్లే. పెట్రీ చలికాలమంతా ఈజిప్టులో ఉంటే లండన్‌లో పాఠాలు చెప్పి విభాగాన్ని నిలబెట్టింది మార్గరెట్ మర్రే. ఆమె పుట్టింది మన కలకత్తాలో, 1863లో. రెండో ప్రపంచ యుద్ధంలో కాలేజీ మీద బాంబులు పడినప్పుడు నీళ్లలో నానుతున్న వస్తువులను ఒక్కొక్కటిగా ఏరి పెట్టెల్లో సర్ది కాపాడింది వయొలెట్ లఫ్లూర్. ఆ పనికి ఆమె జీతం కూడా తీసుకోలేదు.

పెట్రీని దేవుణ్ని చేయకుండా ఆపే సంగతులు కూడా ఇక్కడే ఉన్నాయి. నకాదా సమాధులను చూసి ఆయన మొదట చెప్పింది, ఇవి బయటి నుంచి దండెత్తి వచ్చిన కొత్త జాతివని. అవి ఈజిప్టువాళ్ల పూర్వీకులవేనని ఫ్రెంచి పండితుడు జాక్ ద మోర్గాన్ చూపించాక కొంతకాలానికి ఒప్పుకోక తప్పలేదు. ఆ పొరపాటు యాదృచ్ఛికం కాదు. నాగరికత మారితే వెనుక ఒక కొత్త జాతి ఉండాలన్నది ఆయన నమ్మకం. మేలుజాతి సిద్ధాంతానికి మూలపురుషుడైన ఫ్రాన్సిస్ గాల్టన్ కోసం 1880లలో ఈజిప్టు శిల్పాల మీది ముఖాలను జాతుల వారీగా ఫోటోలు తీసి ఇచ్చాడు. నకాదా నుంచి వచ్చిన పుర్రెలను ఇదే కాలేజీలో గణాంక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్ ప్రయోగశాల కొలిచింది. కుండల విషయంలో సాక్ష్యం చెప్పిందే విన్న మనిషి, మనుషుల విషయంలో తన ముందస్తు తీర్పునే సాక్ష్యం చేత చెప్పించాలని చూశాడు. 2020లో కాలేజీ తన భవనాల నుంచి గాల్టన్, పియర్సన్ పేర్లు తొలగించింది. మ్యూజియం పేరులో పెట్రీ మిగిలాడు. ఆయన తల కూడా లండన్‌లోనే ఉంది. 1942లో జెరూసలేంలో చనిపోతూ దాన్ని రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్‌కు ఇమ్మన్నాడు, మొండెం అక్కడే ఖననమైంది. జీవితాంతం పుర్రెలు కొలిపించిన మనిషికి తన పుర్రె మీద కూడా ఎంత నమ్మకమో!

ఇదంతా లండన్‌లో ఎందుకుంది

దొంగిలించి తెచ్చారా అన్న ప్రశ్నకు ఔననీ కాదనీ ఒక్క మాటలో జవాబు రాదు. అప్పటి పద్ధతి ప్రకారం తవ్వకం ముగిశాక ఈజిప్టు పురావస్తు శాఖ అధికారులు వచ్చి, దేశానికి కావలసినవి ఎంచుకుని, మిగతావి తవ్వినవాళ్లకు వదిలేవారు. కాగితం మీద చట్టబద్ధమే. కానీ ఆ శాఖను నడిపినవాళ్లు ఫ్రెంచివాళ్లు, 1882 నుంచి దేశాన్ని తమ సైన్యంతో ఆక్రమించుకుని కూర్చున్నవాళ్లు బ్రిటిష్‌వాళ్లు. పంచుకున్న చేతులు రెండూ ఐరోపావే అయినప్పుడు ఆ చట్టబద్ధతను ఎంతవరకు మెచ్చుకోవాలో పాఠకులే తేల్చుకోవాలి. 1922లో టుటన్‌ఖామన్ సమాధి బయటపడ్డాక నిబంధనలు బిగిశాయి, అది నచ్చక పెట్రీ 1926లో పాలస్తీనాకు మకాం మార్చాడు. 1983 చట్టంతో ఈజిప్టు పురావస్తువులన్నీ ప్రభుత్వ సొత్తని ప్రకటించి పాత పంపకాల పద్ధతికి తెర దించింది.

పంపకం అక్కడితో ఆగలేదు. తవ్వకాలకు చందా ఇచ్చిన ఊళ్లకు, కాలేజీలకు వాటా పంపేవారు. ఒకే సమాధిలోని వస్తువులు నాలుగైదు దేశాల్లోని మ్యూజియంలకు చేరిన సందర్భాలు ఉన్నాయి. చదువు కోసమని ఇచ్చినవాటిని అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. పెట్రీ నడిపిన సంస్థ ఈజిప్టులోని హరాగేలో తవ్వి అమెరికాలోని సెయింట్ లూయిస్ పురావస్తు సంఘానికి పంపిన వస్తువులను ఆ సంఘం 2014లో వేలానికి పెట్టింది. పెద్ద గొడవ జరిగాక న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం కొనడంతో అవి ఒకరి ఇంటి అలమరాలోకి పోకుండా ఆగాయి. చెల్లాచెదురైన సమాధులను కాగితం మీదైనా మళ్లీ ఒక్కటి చేయడం ఇప్పుడు పండితుల ముందున్న పెద్ద పని. దానికి ఆధారం మళ్లీ కుండల మీది ఆ సిరా అంకెలే.

వెళ్లాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. దగ్గరి భూగర్భ రైలు స్టేషన్లు యూస్టన్ స్క్వేర్, వారెన్ స్ట్రీట్, గూజ్ స్ట్రీట్. సాధారణంగా మధ్యాహ్నం వేళ తెరుస్తారు, సెలవు రోజులూ వేళలూ మారుతుంటాయి కాబట్టి ముందుగా చూసుకోవాలి. బ్రిటిష్ మ్యూజియం పొద్దున పెట్టుకుంటే అక్కడి రాజులను చూసిన కళ్లతోనే ఇక్కడి ఊరిజనాన్ని చూడవచ్చు. అన్ని బీరువాలూ చూసేయాలని పరుగెత్తితే రెండో గదికే కళ్లు అలసిపోతాయి. అలల పిడి కుండల వరుస, తార్ఖాన్ చొక్కా, గెర్జే పూసలు, కాహున్ వస్తువులు, ఈ నాలుగింటికి తలా పావుగంట ఇస్తే చాలు. పిల్లలు వెంట ఉంటే కావ్ ఊళ్లో దొరికిన పూసల వల దుస్తును అదనంగా చూపించండి. దాని అంచుకు 127 గవ్వలున్నాయి, కదిలితే గలగలలాడేలా వాటిలో చిన్న రాళ్లు కూరారు. లండన్ దాకా వెళ్లే వీలు లేనివాళ్లకు మ్యూజియం తన సేకరణ జాబితాను ఫోటోలతో ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. వెతికే పెట్టెలో నకాదా అని ఇంగ్లిషులో కొట్టి, ఒక్కో కుండ కింద రాసి ఉన్న సమాధి సంఖ్యను చూస్తూ పోతే, ఒకే సంఖ్య ఉన్న కుండలను మీరే ఒక వరుసలో పెట్టుకోవచ్చు.